మా ఆయనకి గ్యాంగ్ అనుమానంతో వీసా కాదన్నారు, దారేంటండి?

రాజోలు కోడలు:
నేను అమెరికా సిటిజన్‌ని, అక్కడ నర్సుగా చేస్తున్నాను. మా ఆయనది రాజోలు దగ్గర లంక ఊరు, కొబ్బరికాయల వ్యాపారం. ఆయన కోసం నేను పెట్టిన ఐ-130 (భర్తని తెచ్చుకునే అర్జీ) అప్రూవ్ అయింది. ఇంటర్వ్యూ అయ్యాక వీసా ఇవ్వడం లేదని కాగితం చేతిలో పెట్టారు. అందులో అమెరికా వలస చట్టం 212(ఎ)(3)(ఎ), రెండో క్లాజు అని తప్ప ఒక్క ముక్క లేదు. అంటే అక్కడ చట్టవిరుద్ధమైన పనులు చేయడానికి వస్తున్నాడన్న అనుమానమట. ఇంటర్వ్యూలో గుచ్చి గుచ్చి అడిగింది చేతిమీద తేలు పచ్చబొట్టు గురించీ, పాత సంక్రాంతి గొడవ గురించీ. ఆ తేలు కుర్రతనంలో అంతర్వేది తీర్థంలో స్నేహితులంతా కలిసి పొడిపించుకున్నది. కోడిపందేల బరి దగ్గర కొట్లాటైతే ఊళ్ళో కుర్రాళ్ళందరి పేర్లూ కేసులో రాశారు, ఈయన మీద రౌడీషీటు కూడా తెరిచారు. కేసు కోర్టు కొట్టేసింది, షీటు మాత్రం అలాగే ఉంది. వరదొస్తే పడవేసుకుని ఊరందరి గేదెల్నీ గట్టెక్కించే మనిషండి. అమెరికాలో దావా వేస్తే ఫలితం ఉంటుందా?

అమలాపురం ప్లీడరు:
అమ్మా, దావా మీద ఆశ పెట్టుకోకండి. సాండ్రా మునోజ్ అనే లాస్ ఏంజిలెస్ లాయరుదీ అచ్చం మీ కథే. ఆవిడ భర్తది ఎల్ సాల్వడార్, ఆయన ఒంటిమీదా పచ్చబొట్లే. 2015లో ఇదే క్లాజు కింద వీసా కాదన్నారు. అవి గ్యాంగ్ గుర్తులు కావని నిపుణుడి చేత రాయించి పెట్టినా ఒప్పుకోలేదు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, భర్తని దేశంలోకి రానివ్వాలని అడిగే రాజ్యాంగ హక్కు సిటిజన్‌కి లేదని తేల్చేసింది. నాకైతే అది కఠినమైన తీర్పనే అనిపిస్తుంది.

మీకు మిగిలింది కాగితం పోరాటం. రెఫ్యూజ్ చేసిన తేదీ నుంచి ఏడాదిలోపు ఆ అనుమానాన్ని పోగొట్టే కొత్త ఆధారం పెడితే, మళ్ళీ ఫీజు లేకుండా కేసు తిరిగి చూడాలి, అది వాళ్ళ రూలే. అందుకని ముందు రౌడీషీటు సంగతి చూడండి. సంక్రాంతి గొడవ కేసు కొట్టేసిన తీర్పు సర్టిఫైడ్ కాపీ జతచేసి షీటు మూసేయమని ఎస్పీ గారికి అర్జీ పెట్టండి. కదలకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. మూసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. పచ్చబొట్టుకి ఫొటోలు, దాని చరిత్ర మీ ఆయన అఫిడవిట్‌గా, అదే తేలున్న స్నేహితులవి కూడా. ఏదీ దాచొద్దు.

లంక గన్నవరం:
వెయివర్ (అడ్డంకిని మాఫీ చేసే అనుమతి) తెప్పిస్తామనే ఏజెంట్లకి డబ్బులు కట్టకండక్కా. ఈ క్లాజుకి ఆ వెయివర్ అడిగే 601 ఫారం పనికిరాదు.

రాజోలు కోడలు:
ఒకతను అదే చెప్పి అడ్వాన్స్ అడిగాడు తమ్ముడూ, ఇక ఇవ్వను. ప్లీడరు గారూ, మా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకి రాయనా?

అమలాపురం ప్లీడరు:
రాయండి. వీసా కాదన్న నిర్ణయం వాళ్ళు మార్చలేరు గానీ, మీ కాగితాలు అందాయా, చూశారా అని కాన్సులేట్‌ని అడిగి తెలుసుకోగలరు. ఎస్పీ గారికి అర్జీ మాత్రం ఈ వారమే పెట్టించండి, షీటు మూయించడానికే నెలలు పడుతుంది.