గడ్డి ట్రిమ్మర్‌కు గార్డు విప్పేసి వాడవచ్చా?

పచ్చికబయలు:
మోకాలెత్తు గడ్డి కోస్తున్నప్పుడు, అందులోనూ తడిగా ఉన్నప్పుడు, గార్డు (తిరిగే దారానికి పైన ఉండే రక్షణ కవచం) కింద గడ్డి ముద్దలా పేరుకుపోతోంది. మాటిమాటికీ యంత్రం ఆపి గీకవలసి వస్తోంది. రోజూ ఇదే పని చేసేవారిలో చాలామంది గార్డు విప్పేసి, నైలాన్ దారం కాస్త పొడవుగా వదిలి కోయడం చూస్తున్నాను. బరువు తగ్గుతుంది, ఒక్కో ఊపుకు ఎక్కువ వెడల్పు తెగుతుంది. కళ్లద్దాలు, బూట్లు, మందపాటి ప్యాంటు వేసుకున్నాక ఇంకా గార్డు ఎందుకు? నాది టూ స్ట్రోక్ పెట్రోలు యంత్రం, 2.4 మిల్లీమీటర్ల దారం. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గట్టుదారి:
నిస్సంకోచంగా విప్పేయండి. నేను గార్డు లేకుండానే వాడతాను. గార్డు ఉన్నా గులకరాళ్లు పిక్కలకు తగులుతూనే ఉంటాయి. చూపు మరల్చకుండా, మనుషులు లేని వైపు తిరిగి కోస్తే చాలు. కోసే చోటు కళ్లకు స్పష్టంగా కనిపించడం కూడా భద్రతే కదా.

పానాపట్టు:
యంత్రాలు బాగుచేసే పనిలో ఉన్నాను కాబట్టి ముందు ఇంజన్ సంగతి చెబుతాను. ఈ చర్చ వచ్చినప్పుడల్లా అందరూ రాళ్ల దగ్గరే ఆగిపోతారు.

గార్డు అంచున ఒక చిన్న కత్తి ఉంటుంది. దారం పొడవు పెరిగినప్పుడు దాన్ని కోసి, ఆ ఇంజన్ లాగగలిగినంతే ఉంచడం దాని పని. గార్డుతో పాటు ఆ కత్తీ పోతుంది. మధ్య నుంచి 20 సెంటీమీటర్లు ఉండవలసిన దారాన్ని 25కు వదిలారనుకోండి. పావు వంతే కదా పెరిగింది అనిపిస్తుంది. కానీ తిరిగే దారానికి గాలి అడ్డుపడుతుంది, దాన్ని చీల్చడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. దారం పొడవంతటికీ లెక్క కడితే అది వ్యాసార్థం నాలుగో ఘాతం అవుతుంది. 1.25ను నాలుగుసార్లు హెచ్చించి చూడండి, 2.44 వస్తుంది. అంటే గడ్డిని తాకకముందే, అవే చుట్లు తిరగడానికి దాదాపు రెండున్నర రెట్ల శక్తి కావాలి.

ఇంజన్ దగ్గర అంత శక్తి లేకపోతే చుట్లు పడిపోతాయి. ఈ యంత్రాల్లో ఇంజన్ తిప్పే క్లచ్ షూలు వేగం వల్లే బయటికి విచ్చుకుని, దారాన్ని తిప్పే డ్రమ్మును పట్టుకుంటాయి. చుట్లు తగ్గితే పట్టు సడలి జారుతాయి, జారితే కాలతాయి. పైగా ఇది గాలితో చల్లబడే ఇంజన్. ఫ్లైవీల్ రెక్కలే దానికి ఫ్యాను. పనిభారం ఎక్కువై వేడెక్కుతున్న సమయంలోనే ఆ ఫ్యాను నెమ్మదిస్తుంది. మీరు యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకునే ఉంటారు, కాబట్టి తేడా వెంటనే తెలియదు.

గట్టుదారి:
ఇది చిన్న ఇంజన్లకు వర్తిస్తుందేమో. నాది 40 సీసీ దాటిన బ్రష్ కట్టర్ (పొదలు కూడా కోసే పెద్ద ట్రిమ్మర్), దానికి శక్తి కొదవ లేదు. ఇక రాళ్ల విషయానికి వస్తే, 15 మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదని ప్రతి యంత్రం పుస్తకంలోనూ రాసే ఉంటుంది. నేను అది పాటిస్తాను.

పానాపట్టు:
పెద్ద ఇంజన్‌కు వెసులుబాటు ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ 15 మీటర్లు గార్డు బిగించిన యంత్రానికి చెప్పిన దూరం. గార్డు విప్పాక ఆ అంకె మీద భరోసా పెట్టుకోకూడదు.

నిమిషానికి 7,000 చుట్ల దగ్గర 20 సెంటీమీటర్ల దారం కొన సెకనుకు సుమారు 147 మీటర్ల వేగంతో పోతుంది. గంటకు దాదాపు 530 కిలోమీటర్లు. మీ ఇంజన్ చుట్లు తగ్గకుండా 25 సెంటీమీటర్లు తిప్పగలిగితే అది 660 అవుతుంది. అంటే చిన్న ఇంజన్ వాడేవారు ఇంజన్‌ను పోగొట్టుకుంటారు, మీరు ఇంకా గట్టిగా రాయి విసురుతారు. గార్డు ఆపేది మీ వైపు వచ్చే రాళ్లను. అద్దాలు కళ్లను కాపాడతాయి, మెడను కాదు. గార్డు ఉన్నా పిక్కలకు తగులుతున్నాయన్నారు. అది గార్డుకు తోడుగా పిక్కలకు కూడా రక్షణ కావాలని చెబుతోంది.

మొలకసాలు:
నాకు ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం కనిపిస్తోంది. గార్డు ఉంచి, ఆ చిన్న కత్తి మాత్రం తీసేస్తే? లేదా దారం బదులు సన్నని ఇనుప తీగ పెడితే పొట్టిగానే ఉన్నా బాగా తెగుతుంది కదా?

పానాపట్టు:
కత్తి తీసేస్తే గార్డు రాళ్లను ఆపుతుంది కానీ దారం గార్డును కొడుతూ తిరుగుతుంది, ఇంజన్ మీద బరువూ తగ్గదు.

ఇనుప తీగ మాత్రం వద్దు. దయచేసి ఆ ఆలోచన ఇక్కడే వదిలేయండి. నైలాన్ రాయికి తగిలితే అరుగుతుంది, తెగినా తేలికైన ముక్క. ఇనుము అలసి విరిగితే ఆ ముక్క తూటాలా పోతుంది. గొలుసు లింకులతో చేసిన తలలను (దారం బదులు యంత్రం కొనకు బిగించే తిరిగే భాగాలను) కొందరు అమ్మేవారు. లింకు విరిగి ఎగిరి బ్రిటన్‌లో ఒక ప్రాణం పోయింది. ఆ తరువాత 2012 జనవరిలో యూరోపియన్ కమిషన్ బ్రష్ కట్టర్లకు అమర్చే అలాంటి పరికరాలను మార్కెట్ నుంచి తొలగించాలని ఆదేశించింది. మందపాటి కాడలు కోయాలంటే మీ యంత్రం తయారీదారు అనుమతించిన ఒకే ముక్క లోహపు బ్లేడు, దానికి తగిన గార్డు, భుజం పట్టీ ఉండాలి.

పచ్చికబయలు:
సరే, గార్డు ఉంచుతాను. కానీ గడ్డి ముద్ద సమస్య అలాగే ఉంది కదా. నేను చెప్పిన ఇబ్బంది కల్పితం కాదు.

పానాపట్టు:
కల్పితం కాదు. గార్డు విప్పేవారిలో ఎక్కువమంది ఆ విసుగుతోనే విప్పుతారు. గడ్డిని ఒకేసారి మొదలంటా కోయకండి. పై సగం ఒక ఊపులో, కింది సగం తిరుగు ఊపులో కోయండి. పొట్టి ముక్కలు చుట్టుకోవు. యంత్రం తలను గడ్డిలోకి తోయకుండా దారం చివరి భాగం మాత్రమే తగిలేలా పట్టుకోండి. వీలైతే మంచు ఆరాక మొదలుపెట్టండి.

గార్డు గీకే ముందు ఇంజన్ ఆపి, యంత్రం తల తిరగడం ఆగాక, స్పార్క్ ప్లగ్గు టోపీ పీకండి. బ్యాటరీ యంత్రమైతే బ్యాటరీ బయటికి తీయండి. అదే సమయంలో ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ జాలీ కూడా చూడండి. జాలీకి మసి పట్టినా ఇంజన్ బరువు పడగానే నీరసిస్తుంది, అప్పుడు గడ్డి తెగకుండా నలిగి చుట్టుకుంటుంది. దారం పెళుసుగా విరుగుతుంటే ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి చుట్టండి, నైలాన్ తేమ పీల్చుకుని మళ్లీ మెత్తబడుతుంది.

గట్టుదారి:
రెండు ఊపుల పద్ధతి ప్రయత్నిస్తాను. రాళ్లు ఎక్కువున్న చోట గార్డు బిగిస్తాను, మిగతా చోట్ల ఇంకా ఒప్పుకోను.

పానాపట్టు:
ఎత్తైన గడ్డిలో రాయి ఎక్కడుందో కోసేదాకా కనిపించదండి.