విశాఖ మధురవాడలో పాత ఫ్లాట్ కొన్నాం. నమ్మకమైన పనివాళ్లని ఎలా పట్టుకోవాలి?

కొమ్మాది_కొత్తిల్లు:
అందరికీ నమస్కారం. మధురవాడలో పదేళ్ల పాత అపార్ట్‌మెంటులో రీసేల్ ఫ్లాట్ తీసుకున్నాం. ఐదో అంతస్తు, మా పైన డాబాయే. రిజిస్ట్రేషన్ అయిపోయింది, వచ్చే నెల గృహప్రవేశం. ఊరికి కొత్త, తెలిసిన మేస్త్రి ఒక్కడూ లేడు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, తాపీ మేస్త్రి, ఏసీ మెకానిక్ కావాలి. ఫోన్ నంబర్లు వద్దండీ, అవి వాట్సాప్ గ్రూపులో బోలెడున్నాయి. వచ్చినవాడికి పని తెలుసో లేదో నాలాంటివాడు ఎలా కనిపెట్టాలి? ముందు ఎవర్ని పిలవాలి?

వైరింగ్_మాస్టారు:
ముందు ఎలక్ట్రీషియన్. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడే చిన్న పని ఒకటి ఇచ్చి చూడండి. ఫ్రిజ్, గీజరు ఎక్కేశాక తీరిగ్గా చూసే వీలుండదు.

ఆ చిన్న పని ఏదంటే, డి.బి. బాక్సు (ఇంట్లోని కరెంటు లైన్లన్నీ విడిపోయే పెట్టె) మూత తీయించి స్క్రూలన్నీ బిగించమనడం. ఉప్పుగాలి తగిలే ఇళ్లలో న్యూట్రల్ వైర్లన్నీ కలిసే ఇత్తడి పట్టీకి (న్యూట్రల్ లింకు) చిలుము పడుతుంది. స్క్రూ వదులైన చోట వేడి పుట్టి వైరు తొడుగు గోధుమరంగుకి తిరుగుతుంది. మహా అయితే గంటన్నర పని, పక్కనే నిలబడి చూడండి. మెయిన్ ఆపాడా? ఆపాక మళ్లీ టెస్టర్ పెట్టి చూశాడా? ‘ఇన్వర్టర్ ఉందా అండీ’ అని అడిగాడా? ఉంటే మెయిన్ ఆపినా కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది మరి. ఏ ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే తనంతట తనే పడిపోయే స్విచ్) ఏ గదిదో పెన్నుతో రాసిపెట్టాడా?

తర్వాత మాటల్లో మాటగా ఒకటి అడగండి: ‘గీజరు వేస్తే ఎం.సి.బి. పడిపోతోంది, ఏం చేద్దాం?’ ‘32 ఆంపియర్లది వేసేద్దాం సార్, ఇంక పడదు’ అన్నాడా, టీ ఇచ్చి పంపించేయండి. ఎం.సి.బి. ఉన్నది గోడలోని వైరుని కాపాడటానికి. గీజరుకి మామూలుగా 2.5 స్క్వేర్ ఎం.ఎం. వైరు లాగుతారు, దానికి 16 లేదా 20 ఆంపియర్లది సరి. 32 పెడితే ఎం.సి.బి. పడేలోపు వైరే వేడెక్కి కాలే ప్రమాదం ఉంది. 2000 వాట్ల గీజరు తీసుకునేది సుమారు 9 ఆంపియర్లే. దానికే 16 పడిపోతోందంటే ఎలిమెంట్ అన్నా పోయుండాలి, ఎక్కడో కనెక్షన్ అన్నా వదులై ఉండాలి, లేదా ఎం.సి.బి.యే పాడై ఉండాలి. ఈ మూడూ వెతికేవాడు పనికొస్తాడు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉందో లేదో చూపించమనండి. టెస్ట్ బటన్ నొక్కగానే టక్కున పడాలి. వానాకాలం అది పడుతుంటే చాలాసార్లు బాల్కనీ సాకెట్లోనో బయటి లైటులోనో చెమ్మ చేరి ఉంటుంది. ‘బైపాస్ చేసేద్దాం’ అన్నవాడిని మళ్లీ గడప తొక్కనివ్వకండి.

ఇంకో సంగతి. కరెంటు పోతే ముందు పక్క ఫ్లాట్ చూడండి. వాళ్లకీ లేకపోతే మీ ఎలక్ట్రీషియన్ చేసేదేమీ లేదు. లైను వైపు తేడా అయితే ఈపీడీసీఎల్ (మన కరెంటు సంస్థ) వాళ్లకి 1912కి ఫోన్ చేయండి.

తాపీ_లెక్క:
ఐదో అంతస్తు, పైన డాబా అన్నారు కాబట్టి మీ అసలు బాధ చెమ్మతోనే ఉంటుంది. ఇందులో డబ్బు ఎక్కువ పోతుంది, మోసమూ ఎక్కువే.

సీలింగు మీద మరక చూసి, పైకి ఎక్కకుండానే ‘చదరపు అడుగు ఇంత, కెమికల్ రాసేస్తాం’ అన్నవాడు వద్దు. తెలిసినవాడు ముందు అడిగేది ‘ఎప్పుడు కారుతోంది’ అని. వాన పడ్డాకే అయితే డాబా, లేదా బయటి గోడ పగులు. ఎండాకాలంలోనూ తడిగా ఉంటే పైపు, ట్యాంకు, బాత్‌రూము. బాత్‌రూము అనుమానమైతే జాలీకి బిరడా కొట్టి, రెండు అంగుళాల నీళ్లు నిలిపి, అంచున పెన్సిల్ గీత గీసి 24 గంటలు ఆగి చూడాలి. గీత నుంచి బాగా దిగినా, కింది ఫ్లాట్ సీలింగు తడిసినా లోపం నేలలో ఉంది. పైపు అనుమానమైతే రాత్రి కుళాయిలన్నీ కట్టేసి పొద్దున్న ట్యాంకు మట్టం చూడాలి, కాకపోతే అది మీ ఒక్క ఫ్లాట్ ట్యాంకు అయితేనే ఈ పరీక్ష పనికొస్తుంది.

డాబా పనికి ఏప్రిల్, మే నెలలు మంచివి. తడి కాంక్రీటు మీద కోటింగ్ వేస్తే లోపలి ఆవిరి తోసి బుడగలొస్తాయి. నైరుతి వానలు తగ్గాక చూద్దాంలే అనుకోకండి, మనకి అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న.

పని వరస ఇదీ: నాచు గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పగుళ్లని వి ఆకారంలో వెడల్పు చేసి పాలిమర్ మోర్టార్‌తో పూడ్చాలి. పిట్టగోడ, శ్లాబు కలిసే మూల చుట్టూ గోలా (సిమెంటుతో గుండ్రటి వాలు) తీయాలి. చాలా లీకులు ఈ మూలనుంచీ, వాననీటి గొట్టం మూతి నుంచే. ఆ తర్వాత రెండుసార్లు కోటింగ్, మొదటిది ఆరాక రెండోది అడ్డంగా. చివర్లో రెండు రోజులు నీళ్లు నిలిపి చూడాలి. లోపల లప్పం, రంగు ఇప్పుడే వేయించకండి. గోడ ఆరడానికి వారాలు పడుతుంది, ఈలోపు వేస్తే తెల్లటి ఉప్పు పొంగి పెచ్చులు ఊడతాయి.

సన్‌షేడ్ కింద పెచ్చులు రాలి ఊచ కనిపిస్తుంటే అది వేరే పని. తుప్పు పట్టిన ఊచ ఉబ్బి సిమెంటుని బయటకి తోస్తుంది. ఊచ వెనక దాకా చెక్కి, వైరు బ్రష్‌తో తుప్పు వదిలించి, తుప్పు నిరోధక పూత వేసి, అప్పుడు మోర్టార్ పెట్టాలి. ఉత్త సిమెంటు మెత్తి వెళ్లిపోతే ఏడాదో రెండేళ్లో ఆగి మళ్లీ రాలుతుంది.

డాబా ఉమ్మడి ఆస్తి, ఖర్చు అసోసియేషన్‌ది. ముందు వాళ్లకి రాతపూర్వకంగా ఇవ్వండి. (కొత్త ఫ్లాట్ కొన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే: రెరా చట్టం 14(3) ప్రకారం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం చెబితే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. పదేళ్ల ఇంటికి ఇది దాటిపోయింది.)

చల్లగాలి:
ఏసీ మెకానిక్ గురించి ఒక్కటే. ఏటా వచ్చి ‘గ్యాస్ తగ్గింది’ అనేవాడిని మానేయండి. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరిగే గ్యాస్, లీకు లేకుండా తగ్గదు. లీకు చూపించమనండి. జాయింటు దగ్గర నూనె జిడ్డు ఉండటం ఒక గుర్తు. సరిచేశాక నైట్రోజన్‌తో ప్రెషర్ నిలబడుతోందో చూడాలి, వాక్యూమ్ లాగాలి, యూనిట్ మీద రాసిన బరువు ప్రకారం తూచి ఎక్కించాలి. తూకం తేకుండా వచ్చాడంటే అంచనాగా ఎక్కిస్తాడన్నమాట. సముద్రం దగ్గర బయటి యూనిట్ కాయిల్‌ని ఉప్పుగాలి తొందరగా తినేస్తుంది, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగించండి.

కొమ్మాది_కొత్తిల్లు:
చాలా థాంక్సండీ. మా వాచ్‌మన్ ‘నేను తెస్తాను సార్’ అంటున్నాడు. కాదంటే ఏమనుకుంటాడో. అడ్వాన్స్ ఎంత ఇవ్వచ్చు?

ఎంవీపీ_పాతకాపు:
వాచ్‌మన్ తెచ్చినవాళ్లలో మంచివాళ్లూ ఉంటారు, కమీషను రేటులో కలుస్తుందంతే. కాదనక్కర్లేదు, పైన చెప్పిన చిన్న పనే ఇచ్చి చూడండి. అంతకన్నా మంచి దారి మీ కింద నాలుగు ఫ్లాట్లవాళ్లని అడగడం. మీ బాత్‌రూము పైపులు దిగేది వాళ్ల బాత్‌రూముల పక్కనుంచే. ఆ పైపుల డక్టులో పని చేసిన ప్లంబరుకి ఏ వాల్వు ఎక్కడుందో ముందే తెలుసు.

డబ్బు దగ్గర: సామాను మీరే కొనండి, బిల్లు మీ పేర. లేబరుకి అడ్వాన్స్ రోజు కూలికి మించొద్దు. పెద్ద పనైతే పదో వంతు నీళ్లు నిలిపే పరీక్ష అయ్యేదాకా ఆపుతామని మొదటే చెప్పండి. కాగితం మీద కొలత, కంపెనీ పేరు, ఎన్నిసార్లు కోటింగ్, చెత్త ఎవరు దింపాలి అన్నీ రాయండి. పిట్టగోడ మీదకి కోటింగ్ ఎక్కించే అడుగు ఎత్తు కొలతలో కలుస్తుందా లేదా అన్నది తప్పకుండా రాయండి, చివరి రోజు గొడవలు దాని మీదే. ఫోన్‌లో పేరు పక్కన ఏం పని చేశాడో, ఏ నెలో కలిపి సేవ్ చేసుకోండి. పనికి ఇద్దరేసి ఉంటే చాలు. ఇక జీవీఎంసీ (నగర కార్పొరేషన్) ఇంటి పన్నూ, కరెంటు సర్వీసూ మీ పేరుకి మార్పించుకున్నారా? ఆ పనికి మధ్యవర్తి అక్కర్లేదు, సేల్ డీడ్ కాపీ పట్టుకుని మీరే వెళ్లండి.

కొమ్మాది_కొత్తిల్లు:
ఆదివారం డి.బి. మూత తీయిస్తాను. ఫొటో పెడతా, ఏ రంగు మామూలో ఏది కాదో చెప్పండి మాస్టారూ.

వైరింగ్_మాస్టారు:
బిగించకముందు ఒకటి, బిగించాక ఒకటి పెట్టండి. న్యూట్రల్ లింకు దగ్గరగా, వైరు తొడుగు కనిపించేలా. మెయిన్ ఆపాకే.