ఏరు ఒడ్డు కోసేస్తోంది. ఇల్లు విప్పకుండా వేరే స్థలానికి జరపగలమా?

ఏటిగట్టు ఇల్లు:

అందరికీ నమస్కారం. నా చిన్నప్పుడు మా పెరటి గోడ దాటితే చింతచెట్టు, దాని వెనక గొడ్ల కొట్టం, ఆ వెనక కాలిబాట, తర్వాత ఏరు. ముందు కాలిబాట పోయింది, కొన్నేళ్లకు కొట్టం పోయింది. మొన్నటి వరదకి చింతచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. నిన్న టేపు పెట్టి కొలిచాను. గోడ నుంచి ఒడ్డు అంచుకి 38 అడుగులే ఉంది.

ఇంటి ముందు భాగం పెంకుటిల్లు. మూడు గదులు, వసారా, వసారాకి ఆరు టేకు స్తంభాలు. వెనక ఒక గది, వంటిల్లు తర్వాత కట్టినవి, వాటికి శ్లాబు ఉంది. ఇక్కడికి 600 మీటర్ల దూరంలో, మెరక మీద మాదే ఇంకో స్థలం ఉంది. ఒక కాంట్రాక్టర్ వచ్చి పది నిమిషాలు ఇంటి చుట్టూ తిరిగి, ఫోనులో వీడియో చూపించి, "జాకీలు పెట్టి మొత్తం లేపి చక్రాల మీద తీసుకెళ్లిపోదాం" అన్నాడు. నిజంగా అవుతుందా?

కొత్తది కట్టుకోమని చాలామంది చెబుతున్నారు. ఆ స్తంభాలు మా నాన్న చెక్కినవి. నడవ ద్వారబంధం మీద మా ముగ్గురు అన్నదమ్ముల ఎత్తులు ఏటేటా కత్తితో గీసి ఉన్నాయి. అమ్మ రోజుకోసారైనా ఆ గీతల మీద చెయ్యి వేస్తుంది. అందుకే అడుగుతున్నాను.

జరిపించినవాడు:

మేం మా ఇల్లు 60 అడుగులు వెనక్కి జరిపించుకున్నాం. అవుతుంది. కానీ మాది సిమెంటుతో కట్టిన గోడల ఇల్లు, గోడల కింద చుట్టూ ప్లింత్ బీమ్ (పునాది మీద వేసే కాంక్రీటు దూలం) ఉంది. జాకీ లేపేది ఆ బీమ్‌నే, గోడని కాదు. బీమ్ లేని గోడ కింద జాకీ పెడితే పైకి తన్నిన చోటే ఇటుకలు విడిపోతాయి.

పని ఎలా జరిగిందో చెబుతాను. బీమ్ కింద ఒకేసారి తవ్వలేదు. మూడడుగులు తవ్వి, జాకీ పెట్టి, బరువు దాని మీదికి వచ్చాకే పక్క మూడడుగులు. అలా చుట్టూ పూర్తయ్యాక ఇనుప దూలాలు దూర్చి, ఒకరు కేక వేస్తే అన్ని జాకీలూ ఒకేసారి పావు తిప్పు. ఏ మూలా ముందుకి పోకూడదు, వెనకపడకూడదు. తర్వాత కింద పట్టాలు, రోలర్లు వేసి నెట్టారు. రోజుకి నాలుగైదు అడుగులు కదిలేది. కదులుతున్నప్పుడు చప్పుడేమీ రాదు, గోడ పక్కన చెయ్యి ఆనించి నిలబడితేనే తెలుస్తుంది.

దెబ్బ ఎక్కడ తగిలిందంటే, ఒక రాత్రి వాన పడి తవ్విన కందకంలోకి నీళ్లు దిగాయి. నీళ్లు పోవడానికి కాలువ తీయమంటే కాంట్రాక్టర్ "పర్లేదు" అన్నాడు. పొద్దున చూస్తే ఈశాన్యం మూల జాకీ కింద మట్టి కుంగింది. వంటింటి కిటికీ మూల నుంచి పైకప్పు దాకా ఏటవాలుగా పగులు. అందులో రూపాయి బిళ్ల నిలబడింది. ఆ మూల మళ్లీ సమం చేసేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

కాబట్టి మీరు వీడియోలు పక్కన పెట్టి ఒక పని చేయండి. గోడకి ఒకచోట పూత రాల్చి, ఇటుకల మధ్య తాళం చెవితో గీకండి. ఏం రాలుతుందో చెప్పండి.

కొలతబద్ద:

నేను కట్టడాల ఇంజినీరుని. పైన చెప్పింది సరైనది. ఇంకో సంగతి కలుపుతాను. పెద్ద కట్టడాలు జరిపిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలో కేప్ హాటెరస్ లైట్‌హౌస్‌దీ మీ కష్టమే. అది 1870లో కట్టిన ఇటుక స్తంభం. కట్టినప్పుడు సముద్రం 1,500 అడుగుల దూరంలో ఉండేది, 1970కి అది 120 అడుగులకి తగ్గింది. చివరికి 1999లో దాన్ని 2,900 అడుగులు లోపలికి జరిపారు. జరిపి ఎక్కడ పెట్టారో గమనించండి: సముద్రానికి సుమారు 1,600 అడుగుల దూరంలో, అంటే మొదట ఉన్నంత దూరంలోనే. వాళ్లు స్తంభాన్ని ఎలా లేపాలో ఎంత ఆలోచించారో, నీళ్లు మళ్లీ ఎప్పటికి వస్తాయో కూడా అంతే ఆలోచించారు.

మీ మెరక స్థలం ఏటికి ఎంత దూరంలో ఉంది? ఏరు అటు వంక తిరుగుతోందా, ఇటా? అక్కడి మట్టి పరీక్ష చేయించారా? ముందు ఈ మూడూ తేల్చుకోండి.

దూరం మాట కూడా ఉంది. 600 మీటర్లు పట్టాల మీద రోజుకి నాలుగైదు అడుగుల చొప్పున నెట్టాలంటే ఏడాది దాటుతుంది. చక్రాల బండి కావాలి. ఆ బండి పట్టేంత దారి, ఎత్తు దిగువలు లేని నేల, పైన కరెంటు తీగలు తీయించుకోవడానికి అనుమతి కావాలి. మెరక ఎక్కేటప్పుడు ఇల్లు వాలకుండా ఒక్కో చక్రాన్ని విడిగా లేపి దించగలిగే బండి అయితేనే పని జరుగుతుంది. మీ కాంట్రాక్టర్ ఆ దారంతా నడిచి చూశాడా? నడవకపోతే అతని మాట లెక్కలోకి తీసుకోకండి.

ఏటిగట్టు ఇల్లు:

దారి నడవలేదు. అడిగితే "తర్వాత చూద్దాం" అన్నాడు.

ముందు గదుల గోడ గీకాను. ఎర్రమట్టి పొడి రాలింది. వేలు లోపలికి పోయింది. వెనక గదిది సిమెంటు, గీత కూడా పడలేదు. మెరక స్థలం ఏటికి అర కిలోమీటరు పైనే, ఏరు అవతలి వైపు నుంచి మా వైపే వంగుతోంది. మట్టి పరీక్షకి రేపు మనిషి వస్తాడు.

జరిపించినవాడు:

అయితే లేపొద్దండి. అడుసుతో పేర్చిన గోడ ఆ ప్రయాణానికి నిలవదు. కానీ మీకు మంచి మాట కూడా ఉంది. అడుసు గోడ కాబట్టే ఇటుకలు విరక్కుండా ఒక్కొక్కటీ ఊడొస్తాయి, సిమెంటు గోడ అయితే సగం ముక్కలయ్యేవి. శ్లాబు గదుల్ని వదిలేసి తలుపులు, కిటికీలు తీసుకోండి. పెంకుటింటిని విప్పి అక్కడ మళ్లీ నిలబెట్టండి.

విప్పేది పై నుంచి కిందికి: పెంకులు, పట్టీలు, వాసాలు, దూలాలు, ఆఖరున స్తంభాలు. పెంకుల్ని పడుకోబెట్టి పేర్చకండి, అంచు మీద నిలబెట్టండి. నంబర్లు సుద్దతో రాస్తే ఒక్క వానకి పోతాయి. రేకు ముక్కల మీద అంకె కొట్టి, అతుకులో దాగిపోయే చోట చిన్న మేకుతో బిగించండి. ఏ స్తంభం ఏ ముఖం ఎటు చూసిందో కూడా గుర్తు పెట్టుకోండి. ఎండకి ఒక పక్క రంగు మారి ఉంటుంది, తిప్పి నిలబెడితే మీ అమ్మగారు గుమ్మంలోంచే కనిపెడతారు.

ఆ ద్వారబంధాన్ని మాత్రం విప్పకండి. మూలకి మూలకి అడ్డంగా రెండు కర్రలు కొట్టి, గీతల మీద మెత్తటి గుడ్డ చుట్టి, ఉన్నది ఉన్నట్టు ఎత్తండి. నలుగురు సరిపోతారు.

ఏటిగట్టు ఇల్లు:

మేకు కొట్టడం దగ్గరే ఆగాను. స్తంభాల తలల్లో నాన్న చెక్క చీలలే వాడారు, ఇనుము పెట్టలేదు. చీల దెబ్బతినకుండా ఊడదీయడం ఎలా?

జరిపించినవాడు:

చీల సన్నపు కొన ఎటుందో చూసి, ఆ వైపు నుంచి కర్ర ముక్క ఆనించి కొట్టండి, సుత్తి నేరుగా తగలనీయకండి. ఊడినదాన్ని అదే రంధ్రం నంబరుతో సంచిలో వేయండి. ఎండకాలంలో విప్పడం మొదలుపెడితే కర్ర బిగువు తగ్గి, మీ పని సులువవుతుంది.