పాలకొండ నుంచి గాజువాకకు మారుతున్నాం, పిల్లల్ని గవర్నమెంటు స్కూల్లో ఎలా చేర్చాలి?

ప్రశ్న:
ఆగస్టులో గాజువాకకు మారుతున్నాం. బాబు ఎనిమిదో తరగతి, పాప మూడో తరగతి. ఇద్దరూ ఊళ్లో గవర్నమెంటు స్కూల్లోనే చదువుతున్నారు. మధ్యలో చేర్చుకుంటారా? ఇంటికి అద్దె అగ్రిమెంటు లేదు, ఆధార్లో పాత అడ్రసే ఉంది. ఇద్దరినీ ఒకే బడిలో వేయొచ్చా?

జవాబు 1:
చేర్చుకుంటారండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు సంవత్సరంలో ఎప్పుడొచ్చినా కాదనకూడదు. టీసీ రాలేదని ఆపకూడదని 5వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. ప్రవేశ పరీక్ష, డొనేషన్ ఉండవు. అగ్రిమెంటు లేకపోయినా చదువు ఆగదు.

అసలు చిక్కు ఆన్‌లైన్లో వస్తుంది. పాత హెచ్చెమ్ గారు టీసీ రాసి చేతికిస్తారు, బడుల ఆన్‌లైన్ రికార్డైన యూడైస్‌లో మాత్రం పేరు అలాగే ఉండిపోతుంది. అక్కడ 'టీసీతో వెళ్లారు' అని పెడితేనే పేరు బడి మారేవాళ్ల జాబితా అయిన డ్రాప్ బాక్స్‌లోకి వస్తుంది. కొత్త బడివాళ్లు పెన్ నంబరు (ప్రతి విద్యార్థికీ ఉండే శాశ్వత నంబరు), పుట్టినతేదీ కొట్టి అక్కణ్నుంచి తీసుకుంటారు. అది జరగకపోతే పిల్లాడు రోజూ బడికెళ్లినా కొత్త బడి లెక్కలోకి రాడు. అందుకే ఊరు వదిలే ముందే హెచ్చెమ్ గారి దగ్గర కూర్చుని ఆ పని చేయించుకోండి, 11 అంకెల పెన్ నంబరు రాసుకోండి. ఇక్కడికొచ్చాక ఫోన్లో బతిమాలుకోవడం చాలా కష్టం.

ఒకే బడి దొరకడం కష్టం. మామూలుగా ప్రైమరీ ఒకటి నుంచి ఐదు, హైస్కూలు ఆరు నుంచి పది. రెండూ పక్కపక్కనే ఉన్నచోట ఇల్లు చూసుకుంటే మేలు, పాపను అన్నే దింపుతాడు.

జవాబు 2:
పాపకు రికార్డ్ షీట్ (ప్రైమరీ పిల్లలకు టీసీ బదులు ఇచ్చేది), బాబుకు టీసీ అడగండి. చేతికి రాగానే అక్కడే నిలబడి పేరు స్పెల్లింగు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌తో పోల్చి చూడండి, పుట్టుమచ్చలు సరిగ్గా రాశారో లేదో కూడా చూసుకోండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే దిద్దించాలి, పదో తరగతి మార్కుల జాబితాలో పడ్డాక దిద్దుబాటు పెద్ద తలనొప్పి. ఇద్దరికీ స్టడీ సర్టిఫికెట్లు కూడా తీసుకోండి. రేపు గవర్నమెంటు ఉద్యోగాల్లో లోకల్ (స్థానిక అభ్యర్థి) లెక్కకు నాలుగు నుంచి పదో తరగతి వరకు అడుగుతారు, అప్పుడు మళ్లీ పాలకొండ తిరగాల్సొస్తుంది.

ఇచ్చిన పుస్తకాలు, యూనిఫాం, బూట్లు వదిలేయకండి. రాష్ట్రమంతా అవే పుస్తకాలు. కిట్లు బడి తెరిచేటప్పటి సంఖ్యను బట్టి వస్తాయి కాబట్టి మధ్యలో చేరినవాళ్లకు సరిపోయే సైజు దొరక్కపోవచ్చు.

జవాబు 3:
తల్లికి వందనం (బడికెళ్లే పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) సంగతి కూడా చూసుకోండమ్మా. 15,000లో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడతాయి. ఖాతాకు ఆధార్ లింకు ఉండాలి, సచివాలయం రికార్డులో పిల్లలిద్దరూ తల్లితోపాటు ఒకే కుటుంబంలో కనబడాలి. హాజరు 75 శాతం చూస్తారు. జవాబు 1లో చెప్పినట్టు పాత బడిలో పేరు తీయకపోతే, అక్కడ గైర్హాజరు పడుతూ ఇక్కడ హాజరు ఎక్కదు. వారం దాటినా పేరు ఎక్కకపోతే కాగితం మీద రాసి గాజువాక ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇవ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
పెన్ నంబరు మా దగ్గర లేదు. ఎక్కడ దొరుకుతుంది?

జవాబు 1:
ప్రోగ్రెస్ కార్డు మీద చూడండి. లేకపోతే క్లాసు టీచర్ గారిని అడగండి, యూడైస్ తెరిచి రెండు నిమిషాల్లో చెప్తారు. 12 అంకెలు ఉంటే అది అపార్ నంబరు (విద్యార్థికి ఇచ్చే మరో ఐడీ), రెండూ కలిపేసుకోకండి.