ఐరన్ మెయిడెన్‌లో ఎవరెప్పుడు పాడేరు? కాస్త చెప్పండి గురూ

కిమిడి_కుర్రోడు:
మాది పర్లాకిమిడి. మా బావ ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు హెవీ మెటల్ బేండ్ పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఏసిచ్చాడు గానీ పేర్లేవీ లేవు, ట్రాక్ 1, ట్రాక్ 2 అనే ఉన్నాయి. ఒకదాంట్లో గొంతు సైరన్ లాగ పైకెళ్లిపోతాది, ఇంకోదాంట్లో రౌడీ దెబ్బలాటకొచ్చినట్టుంటాది, మరోటి బొంగురు. ఇంతమంది మారేరేటి? ఏది ఎవరిదో ఎలా పోల్చుకోడం?

బరంపురం_బేస్:
రౌడీ గొంతు పాల్ డయానోది తమ్ముడూ, 1980, 81 ఆల్బమ్‌లు, మొదటి రెండే. సైరన్ బ్రూస్ డికిన్సన్, 81లో వచ్చి 93లో ఎల్లిపోయి 99లో మళ్లీ వచ్చీసాడు. మధ్యలో బొంగురోడు బ్లేజ్ బేలీ, 95, 98 ఆల్బమ్‌లు. అతన్ని అందరూ తిట్టేవోళ్లే గానీ, బ్రూస్ కోసం అంత ఎత్తున కట్టిన పాటలు స్టేజీ మీద ఇతనిచేత పాడిస్తే పాపం ఎలా అందుతాయి? మా ఊరి మెలోడీ పార్టీలో బాలు పాటలెత్తుకున్నోడి గతీ అంతే, పల్లవి గట్టెక్కుతాడు, చరణంలో దొరికిపోతాడు.

రాయగడ_రైలు:
డ్రమ్ముల మాటెత్తరేటి? 82 ఆల్బమ్ దాకా క్లైవ్ బర్, 83 నుంచి నికో మెక్‌బ్రెయిన్. ఆ దరువంతా కాలితో కొట్టే పెద్ద డ్రమ్ముకి ఒంటి పెడల్‌తోనే, నేను డబుల్ పెడల్ అనుకుని ఎన్నేళ్లు వాదించేనో. 2023లో స్ట్రోకొచ్చినా లేచి వాయించి, 2024 డిసెంబర్లో టూర్లు మానేసాడు. 2025 నుంచి స్టేజీ మీద సైమన్ డాసన్.

బరంపురం_బేస్:
2003 ఆల్బమ్‌లో ఒక్క పాటకి డబుల్ పెడల్ వాడేడు, అది తప్ప నిజమే.

కిమిడి_కుర్రోడు:
కొన్నిట్లో మూడు గిటార్లు వినిపిస్తన్నాయి, నా స్పీకర్ పోయిందా?

బరంపురం_బేస్:
స్పీకర్ బానే ఉంది. 90లో గిటారిస్ట్ ఏడ్రియన్ స్మిత్ బేండొదిలేస్తే జానిక్ గెర్స్ వచ్చాడు, 99లో ఏడ్రియన్ తిరిగొచ్చినా జానిక్‌ని పొమ్మన్లేదు, డేవ్ మర్రేతో కలిపి ముగ్గురయ్యేరు. 2007 మార్చిలో ప్రశాంతి రైలెక్కి బెంగుళూరు పోయి చూసేను, జానిక్ గిటార్ని తాడు తిప్పినట్టు తిప్పీడమే. అన్ని ఆల్బమ్‌ల్లోనూ ఉన్నది మర్రే, స్టీవ్ హారిస్ ఇద్దరే. హారిస్ బేస్ గిటార్ వేళ్లతోనే వాయిస్తాడు, టకటక టకటక గుర్రం దౌడు, ఎవడు పాడినా అడుగున అదుంటాది, అందుకే గాయకుడు మారినా బేండ్ మారినట్టనిపించదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కిందకి విను.

కిమిడి_కుర్రోడు:
ఇప్పుడే విన్నాను, బొంగురు పాటలో కూడా ఆ దౌడుంది గురూ! ట్రాక్ 22లో మాత్రం జగన్నాథుడి భజనొస్తంది, అది మా బావనే అడగాలి.