‘ఎ సైలెంట్ వాయిస్’ షోకోకి న్యాయం చేసిందా?

సిరాచుక్క:
యోషితోకి ఓయిమా గీసిన ఈ మాంగా (జపాన్ బొమ్మల కథ) 7 సంపుటాలూ చదివాను. వినికిడి లోపం మీద ఇంతకంటే మంచిది లేదంటారు. నేను ఒప్పుకోను. కొత్తగా బడిలో చేరిన షోకోకి చెవులు వినపడవు. క్లాసులో షోయా ఆమె హియరింగ్ ఎయిడ్లు లాగి పారేస్తాడు, 5 నెలల్లో 8 పోతాయి. తర్వాత కథంతా అతని పశ్చాత్తాపమే. ఆ పిల్లేమో నవ్వుతూ సారీ చెబుతూనే ఉంటుంది. ఏడిపించినవాడు మంచివాడు కావడానికే ఆ పాత్రను పుట్టించినట్టుంది.

రాత్రిచదువరి:
ఆ సారీలే కదండీ అసలు సంగతి! తన వల్లే అందరికీ ఇబ్బందని ఆమె గట్టిగా నమ్మేసింది. బాణసంచా రాత్రి బాల్కనీ మీద ప్రాణం తీసుకోబోయింది అందుకే. రోజూ 3 నిమిషాలు సైగల భాష నేర్చుకుందామంటే క్లాసులో ముందుకొచ్చింది ఒక్క సహారానే, ఆమెనీ వెలేశారు. దీన్ని మంచితనం కథ అని ఎలా అంటాం? ఓయిమా వాళ్లమ్మ సైగల భాష అనువాదకురాలు. 2011లో తొలి లఘు రూపాన్ని వేయడానికి పత్రికవాళ్లు జంకితే, జపాన్ బధిరుల సమాఖ్య చూశాకే అచ్చయింది.

సిరాచుక్క:
సమాఖ్య చూసింది కాబట్టి మనం అడగకూడదనా?

కృష్ణాతీరం:
మా చెల్లి హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటుంది. తనకి 51వ అధ్యాయం చూపించాను. అది షోకో వైపు నుంచి సాగుతుంది. మాటల బుడగల్లో అక్షరాలు సగం చెరిగిపోయి ఉంటాయి. ఎదుటివాళ్లు ఏదో అంటున్నారని తెలుస్తుంది గానీ ఏమంటున్నారో అందదు. పెళ్లిళ్లలో నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే తనకీ ఇంతేనంది చెల్లి. అప్పుడేం చేస్తావంటే, అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వేస్తానంది. ఆ తర్వాత నాకు షోకో నవ్వు వేరేగా కనిపించింది.

రాత్రిచదువరి:
చెల్లిగారు ఒక్క మాటలో తేల్చేశారు.

సిరాచుక్క:
కృష్ణాతీరం గారూ, ఆ అధ్యాయం అద్భుతం, కాదనను. నా బాధ కూడా అక్కడే. అంత బాగా గీయగలిగిన మనిషి షోకో లోపలికి మళ్లీ మళ్లీ వెళ్లలేదెందుకు? ఎవరినీ ముఖం చూడలేని షోయాకి అందరి ముఖాల మీదా ఇంటూ గుర్తులు కనిపిస్తాయి కదా, అవి అతని చూపువి, అవి పుస్తకం పొడుగునా ఉంటాయి. 2019లో మొదలైన ‘ఎ సైన్ ఆఫ్ అఫెక్షన్’ అనే మాంగా చూడండి, అందులో చెవులు వినపడని యుకీ తన కథ తనే చెప్పుకుంటుంది.

రాత్రిచదువరి:
యుకీ చుట్టూ ఎక్కువమంది మంచివాళ్లే. మామూలు బడిలో ఒంటరిగా పడ్డ పిల్ల కథ వేరు. రెంటినీ ఒకే కొలతతో చూడలేం.

సిరాచుక్క:
సరే, బడి సంగతి వదిలేద్దాం. చివర్లో షోకో టోక్యో వెళ్లి జుట్టు కత్తిరించే పని నేర్చుకోవాలనుకుంటుంది. తన జీవితంలో అంత పెద్ద నిర్ణయం! దాన్ని షోయాతో పాటే మనమూ వింటాం. అతను ముందు వద్దంటాడు, తర్వాత సరేనంటాడు, ఆ మథనమంతా అతనిదే. ఆ కోరిక ఆమెలో ఎలా మొలిచిందో, వెళ్లడానికి ఎంత భయపడిందో నాకు ఇంకో అధ్యాయం కావాలి.