బాప్తిస్మం తర్వాత ఎదుగుదల ఆగిపోతే రోజూ ఏం చేయాలి?

కొత్తచిగురు:
అందరికీ వందనాలు. బాప్తిస్మం తీసుకున్న కొత్తలో ఉండే ఆసక్తి కొన్నాళ్ళకి చల్లారుతుంది. ఆదికాండముతో మొదలైన చదువు లేవీయకాండములో ఆగుతుంది. ప్రార్థన ఐదు నిమిషాలకే అయిపోతుంది. "ఆత్మీయంగా ఎదగాలి" అని అందరూ అంటారు గానీ, ఎంత చదవాలి, ఎలా ప్రార్థించాలి, ఎదుగుతున్నామో లేదో ఎలా తెలుస్తుంది అన్నది విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళు చెప్తారా?

నెమరు:
వందనాలండీ. ముందు చదువు సంగతి. బైబిలు మొత్తం 1189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకి మూడు నాలుగు చదవాలి. కొత్తవాళ్ళకి అది పరుగే. పేజీలు తిరుగుతాయి, ఒక్క మాటా లోపలికి దిగదు. కొత్త నిబంధన అయితే 260 అధ్యాయాలు. రోజుకొకటి, వారానికి ఐదు రోజులు చదివితే 52 వారాలకి సరిగ్గా సరిపోతుంది. మిగిలిన రెండు రోజులు తప్పిపోయినవాటికి ఉంచుకోండి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే.

లేవీయకాండములో ఆగడం భక్తి తక్కువై కాదు. నిర్గమకాండము 25 నుంచే కథ నడక తగ్గి ప్రత్యక్ష గుడారపు (ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం) కొలతలు, ఆ తర్వాత బలుల విధులు వస్తాయి. అవి ఎందుకో తెలియకుండా చదివితే ఎవరికైనా విసుగే. హెబ్రీ పత్రిక 8, 9, 10 అధ్యాయాలు ముందు చదివి, అప్పుడు లేవీయకాండము 16 తెరవండి. ప్రధాన యాజకుడు ఏడాదికొక్కసారి రక్తంతో తెర లోపలికి ఎందుకు వెళ్ళాడో తెలిశాక మిగతా 26 అధ్యాయాలు బరువనిపించవు.

ఇక ధ్యానం. అసలు లోటు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మొదటి కీర్తనలో "దివారాత్రము ధ్యానించువాడు" అన్నచోట ఉన్న హెబ్రీ మాటకి చిన్న గొంతుతో పలుకుతూ ఉండడం అని అర్థం. యెషయా 31లో వేట మీద సింహం గుర్రుకీ, 38లో గువ్వ మూలుగుకీ అదే మాట. అంటే కళ్ళు మూసుకుని మనసు ఖాళీ చేసుకోవడం కాదు, వల్లెవేయడం. అధ్యాయం అయ్యాక ఒక్క వచనం ఎంచుకుని మూడుసార్లు పైకి చదవండి, ప్రతిసారీ వేరే మాటని నొక్కి పలుకుతూ. "యెహోవా నా కాపరి" తీసుకోండి. "యెహోవా" అని నొక్కితే కాపరి ఎవరో తెలుస్తుంది. "నా" అని నొక్కితే అది మీ సొంత మాట అవుతుంది. "కాపరి" అని నొక్కితే మీరు గొర్రె అని గుర్తొస్తుంది. ఆ వచనం చీటీ మీద రాసుకుని మధ్యాహ్నం ఒకసారి, పడుకునేముందు ఒకసారి పలకండి.

పాత అనువాదం పక్కన వాడుక భాష అనువాదం కూడా పెట్టుకోండి. "సమాధానము" అంటే అక్కడ జవాబు కాదు, శాంతి. ఇలాంటివి తెలియక చాలామంది అర్థం తప్పిపోతారు.

దివిటీ:
ప్రార్థన ఐదు నిమిషాలకే అయిపోవడానికి కారణం, అది అవసరాలతో మొదలవడమే. అడగాల్సినవి అయిపోతే మాటలూ అయిపోతాయి. పరలోక ప్రార్థనని చట్రంగా పెట్టుకోండి. అందులో మొదటి మూడు మనవులు దేవుని నామము, రాజ్యము, చిత్తము గురించే. మన ఆహారం నాలుగోది. తర్వాత క్షమాపణ, చివర శోధన నుంచి, కీడు నుంచి తప్పించమనడం. ఒక్కోదానికి రెండు నిమిషాలు ఇచ్చినా పన్నెండవుతాయి. ప్రతి మనవినీ ఆరోజు సంగతితో కలపండి: "నీ చిత్తము" అన్నప్పుడు ఆరోజు తీసుకోవాల్సిన నిర్ణయం పేరు పెట్టి చెప్పాలి.

"మా ఋణములు క్షమించుము" దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఋణములు అంటే ఇక్కడ తప్పులు. ఆ ప్రార్థన నేర్పాక యేసు మళ్ళీ వివరించింది ఈ ఒక్క మనవినే, మత్తయి 6:14, 15లో. అక్కడ మీ పట్ల తప్పు చేసిన మనిషి పేరు పలకండి. పేరు నోటికి రాకపోతే, పని ఇంకా మిగిలి ఉందన్నమాట.

కొత్తచిగురు:
చాలా ఉపయోగపడిందండీ. మరి ఎదుగుదల తెలిసేదెలా? ఏమీ అనిపించని రోజుల్లో ఏం చేయాలి?

అంజూరపునీడ:
ఎన్ని అధ్యాయాలు చదివారు, ఎన్ని కన్నీళ్ళు వచ్చాయి అన్నది కొలత కాదు. గలతీయులకు 5:22, 23లో తొమ్మిది గుణాలున్నాయి, కానీ వాటికి పెట్టిన పేరు "ఫలము", ఏకవచనం. కాబట్టి సంతోషం ఉంది, దీర్ఘశాంతము (ఓర్పు) లేదు అని సరిపెట్టుకోవడం కుదరదు. అయినా సాధన ఒకదానితోనే మొదలుపెట్టండి, అది కంటికి కనబడే పనిగా ఉండాలి. దీర్ఘశాంతము అంటే, ఈ నెల ఇంట్లో ఎవరు మాట్లాడుతున్నా పూర్తయ్యేదాకా అడ్డు రాకూడదు. నెలాఖరున ఇంట్లోవాళ్ళనే అడగండి. వాళ్ళు చెప్పేటప్పుడు సమర్థించుకోవద్దు.

యాకోబు 5:16 చెప్పినట్టు ఒకరితో ఒకరు పాపాలు ఒప్పుకోడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. పురుషులు పురుషులతో, స్త్రీలు స్త్రీలతో, వారానికొకసారి. ఇలాంటి సహవాసాలు ఎక్కువగా చెడేది ఒక్కచోటే: "ప్రార్థన కోసం చెప్తున్నా" అంటూ ఒకరి గుట్టు నాలుగోవాళ్ళకి చేరుతుంది. ఇక్కడి మాట బయటికి పోకూడదని మొదటిరోజే అనుకోండి.

ఏమీ అనిపించని రోజుకి 88వ కీర్తన ఉంది. చాలా విలాప కీర్తనలు చివరికి స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. అయినా మొదటి వచనం నుంచీ దేవునితోనే మాట్లాడుతుంది. ఆరోజు అదే పైకి చదివి ఆమేన్ అని లేవండి, చాలు. వారాల తరబడి నిద్ర, ఆకలి కూడా పోతే పాస్టరుగారికి చెప్పండి, డాక్టరుకీ చూపించుకోండి.